వేటలో పడిన జంతువు నుంచి డీఎన్‌ఏ నమూనా: కండా, చెవా, పన్నా, ఏది తీసుకుంటే మంచిది?

సెప్టెంబరులో ఒక సాయంత్రం, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన అడవి పక్కన, వేటలో కొట్టిన జంతువులను నమోదు చేసే చిన్న చెక్ స్టేషన్. అరవై దాటిన వేటగాడు ఒకాయన పికప్ ట్రక్కు వెనక తలుపు దించి నల్ల ఎలుగును చూపించాడు. పొద్దున ఏడింటికి కొట్టాడట, చిత్తడిలోంచి రోడ్డు మీదికి లాక్కొచ్చేసరికి మధ్యాహ్నమైంది, ఇంటికెళ్లి నాలుగు మెతుకులు తిని మా దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. నేను అప్పుడు అక్కడ చదువుకుంటూ సీజన్‌లో నమూనాలు తీసే పనికి వెళ్లేదాన్ని. నోట్లో టార్చి, ఒక చేతిలో ఆల్కహాల్ ట్యూబు, ఇంకో చేతిలో చిన్న చాకు, గ్లవ్ చిరిగి వేలికి నెత్తురు. ట్యూబు మూత తీయబోతే సగం ఆల్కహాల్ ఒలికి మూత మీద మార్కర్‌తో రాసిన నంబరు కడుక్కుపోయింది. ఆ ఎలుగు నమూనా ఇక దేనిదో ఎవరికీ తెలియదు.

ఏ నమూనా పద్ధతి మంచిదని నన్ను ఎవరు అడిగినా నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకి ఏది ఇష్టమో అది రెండో ప్రశ్న. అలసిపోయి, చలిలో, నెత్తురు చేతులతో ఉన్న మనిషి తప్పు లేకుండా చేయగలిగే పద్ధతి ఏది అన్నదే మొదటి ప్రశ్న. కింద రాసేదంతా ఆ లెక్కలోనే చదవండి.

ముందు, దేనికోసం తీస్తున్నారు?

అమెరికా, కెనడా, స్వీడన్ లాంటి చోట్ల వేట చట్టబద్ధం, లైసెన్సు ఉంటుంది, కొట్టిన ఎలుగునో, తోడేలునో, లింక్సు అనే అడవిపిల్లినో అధికారులకు చూపించి నమోదు చేయించాలి. జంతువు ఎలాగూ చేతికొస్తుంది కాబట్టి శనగగింజంత ముక్క తీసిపెట్టుకుంటే చాలు. బతికున్న ఎలుగును పట్టుకుని మత్తిచ్చి నమూనా తీయడానికి అయ్యే ఖర్చుతో, ప్రమాదంతో పోలిస్తే ఇది దాదాపు ఉచితం. స్వీడన్‌లో వేటలో పడిన గోధుమ ఎలుగుల నమూనాలు ఉప్సాలాలోని జాతీయ పశువైద్య సంస్థకు వెళ్తాయి. మిషిగన్ లోయర్ పెనిన్సులా ఉత్తర భాగంలో అయితే ముళ్లతీగకు చిక్కిన వెంట్రుకల డీఎన్‌ఏను, తర్వాత వేటలో పడిన ఎలుగుల డీఎన్‌ఏతో పోల్చి, వెంట్రుక ఇచ్చిన ఎలుగుల్లో ఎన్ని మళ్లీ కనిపించాయో చూసి, మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా వేశారు.

ఇప్పుడు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. ఇది ఏ జాతి, ఆడా మగా, ఇంతకుముందు నమూనా దొరికిన జంతువేనా అన్నంతవరకే అయితే దాదాపు ఏ నమూనా అయినా సరిపోతుంది. ఏ గుంపు ఎక్కడి నుంచి వచ్చింది, రెండు అడవుల మధ్య రాకపోకలు ఉన్నాయా అని చూడాలంటే కాస్త మంచి డీఎన్‌ఏ కావాలి, అయినా ఈ రోజుల్లో చిన్న చిన్న గుర్తులు చదివే పద్ధతులు ఉన్నాయి కాబట్టి అంత టెన్షన్ అక్కర్లేదు. మొత్తం జీనోమ్, అంటే జంతువు డీఎన్‌ఏ అంతా, చదవాలంటే మాత్రం పొడవాటి, విరగని డీఎన్‌ఏ కావాలి, అది వేరే స్థాయి పని.

ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని చాలామంది ఆలస్యంగా గుర్తుచేసుకుంటారు: చుట్టరికం ద్వారా సంఖ్య కట్టడం. నమూనాల్లో తల్లీపిల్లలు, తండ్రీపిల్లలు ఎంత తరచుగా తగులుతున్నారో చూస్తారు. ఎక్కువ తగిలితే జనాభా చిన్నది, అరుదుగా తగిలితే పెద్దది. మన ఊళ్లో ఏ ఇద్దర్ని అడిగినా చుట్టాలే అవుతారు, హైదరాబాద్‌లో అమీర్‌పేట కూడలిలో ఇద్దర్ని అడిగితే కారు, అదే లెక్క. దక్షిణ బ్లూఫిన్ ట్యూనా చేపల మీద ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇది చేసి 2016లో ప్రచురించారు. వేల చేపల కండ ముక్కలు చూస్తే దొరికినవి 45 జతలు, వాటితోనే సముద్రంలో పెద్ద చేపలు ఎన్నో అంచనా కట్టారు. చచ్చిన జంతువుల నమూనాలతోనే నడిచే పద్ధతి కాబట్టి వేట నమూనాలకు ఇది బాగా కుదురుతుంది. కానీ ఒక షరతు: ఎవరు తల్లి, ఎవరు పిల్ల అని తేల్చాలంటే ప్రతి జంతువు వయసు తెలియాలి. డీఎన్‌ఏ ఒక్కటే తీసి వయసు తీయకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఎలుగు తోలు అప్పటికి గోడెక్కి ఉంటుంది.

కండ ముక్క, ఆల్కహాల్‌లో

ఎక్కువమంది ఎంచుకునేది ఇదే, నా మొదటి ఓటు కూడా దీనికే, అయితే కొన్ని షరతులతో.

ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ చెడుతుందో మీకే అర్థమవుతుంది. జంతువు చచ్చిన గంట నుంచే దాని కణాల్లోని ఎంజైములు డీఎన్‌ఏను ముక్కలు చేయడం మొదలుపెడతాయి, వెనకే బ్యాక్టీరియా వస్తుంది. ఈ పని జరగడానికి నీళ్లు కావాలి. మన ఇళ్లలో చేపను ఎండబెట్టినా, ఉప్పులో ఊరవేసినా చేసేది నీళ్లు లాగేయడమే కదా, ఆల్కహాల్ చేసేదీ అదే. కాబట్టి ముక్క పెద్దదై ఆల్కహాల్ తక్కువైతే ముక్కలోని నీళ్లే ఆల్కహాల్‌ను పలచన చేసి లోపలి భాగాన్ని కుళ్లిస్తాయి. శనగగింజంత ముక్క, దానికి కనీసం ఐదింతలు, వీలైతే పదింతలు 95 శాతం ఇథనాల్. ఒకటి రెండు రోజుల తర్వాత ఆ ఇథనాల్ వంపేసి కొత్తది పోస్తే ఇంకా మంచిది. "పెద్ద ముక్క ఇస్తే ల్యాబ్‌కి మేలు" అనుకుని నిమ్మకాయంత ముక్క ట్యూబులో కుక్కి పంపేవాళ్లున్నారు, అవి తెరిస్తే వచ్చే వాసన నేను చెప్పను.

ముక్క ఎక్కడి నుంచి? నాలుక, మెడ కండ, తొడ కండ, గుండె, ఏదైనా పర్లేదు. కాలేయం, ప్లీహం వద్దు, వాటిలో ఎంజైములు ఎక్కువ, అవే ముందు పాడవుతాయి. గుండు పొట్టలో తగిలిన జంతువైతే పొట్ట చుట్టుపక్కల ముక్క ముట్టుకోకండి. కొవ్వు పనికిరాదు.

ఆల్కహాల్‌కి ఉన్న అసలు చిక్కు పంపించడం. మండే ద్రవం కదా, పోస్టుకీ విమానానికీ దాని మీద గట్టి నిబంధనలున్నాయి. వేటగాడే స్వయంగా నమూనా తీసి పోస్టులో వేయాలని మీరు అనుకుంటే ఆల్కహాల్‌ను అక్కడే వదిలేయండి. మన దేశంలో ఇంకో చిక్కు, శుద్ధమైన ఇథనాల్ ఎక్సైజ్ నిబంధనల కింద ఉంటుంది, కాగితాలు లేకుండా దొరకదు. దొరకలేదని మందుల షాపు స్పిరిట్‌తోనో, తాగకుండా ఏవేవో కలిపిన పారిశ్రామిక స్పిరిట్‌తోనో నింపకండి, అందులో కలిపినవే డీఎన్‌ఏకి, తర్వాత జరిగే పరీక్షకి అడ్డు పడవచ్చు. విస్కీ అసలే వద్దు, 40 శాతంతో ఏమీ ఆగదు. ఫార్మలిన్‌లో వేయడం మాత్రం అన్నిటికన్నా పెద్ద తప్పు. ముక్క చూడ్డానికి చక్కగానే ఉంటుంది, లోపల డీఎన్‌ఏ ప్రొటీన్లతో అతుక్కుపోయి తీయడం గగనమవుతుంది.

ఎండబెట్టిన చెవి ముక్క

చిన్న పంచ్‌తోనో కత్తెరతోనో చెవి అంచు నుంచి ముక్క కత్తిరించి, కాగితం కవర్లో పెట్టి, ఆ కవర్‌ను సిలికా జెల్ ఉన్న గట్టి మూత డబ్బాలో పెట్టడం. అంతే. ఆల్కహాల్ లేదు, ఒలికేది లేదు, మామూలు పోస్టులో వెళ్తుంది. కండతో పోలిస్తే చెవిలో డీఎన్‌ఏ కాస్త తక్కువ వస్తుంది గానీ, జాతి, లింగం, జంతువు గుర్తింపు, చుట్టరికం, అన్నిటికీ సరిపోతుంది.

ఇది చెడేది తేమ వల్ల. చెవి ముక్క ప్లాస్టిక్ కవర్లో వేసి సీలు చేస్తే అది ఎండదు, కుళ్లుతుంది. కాగితం తప్పనిసరి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు దాచి వాడుతుంటారు, అవి అప్పటికే గాలిలోని తేమ పీల్చేసి ఉంటాయి. రంగు మారే గింజలు కొనండి, నారింజ రంగువి ఆకుపచ్చకు తిరిగాయంటే మార్చాలని అర్థం. మన జులై, ఆగస్టు వానల్లో ఆ డబ్బాను రెండు రోజులకోసారి చూసుకోవాలి.

కుళ్లిన కళేబరం దొరికినప్పుడు కూడా చెవి మంచిదే, పలచగా ఉంటుంది కాబట్టి కండ కంటే ముందు ఎండుతుంది.

పన్ను

ఎలుగు కోరపన్ను వెనక ప్రీమోలార్ అనే ఒక బుల్లి పన్ను ఉంటుంది. అది తీసినా పుర్రె అందం చెడదు కాబట్టి వేటగాళ్లు అభ్యంతరం చెప్పరు. ఆ పన్ను వేరును పలచగా కోసి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే చెట్టు వలయాల్లా ఏడాదికో గీత కనిపిస్తుంది. మోంటానాలోని మాట్సన్స్ లాంటి ల్యాబులు ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాయి. ఆడ ఎలుగు పిల్లల్ని సాకిన ఏడాది గీత సన్నగా పడుతుంది, అలా ఎన్నిసార్లు పిల్లల్ని పెట్టిందో కూడా కొంతవరకు చదవొచ్చు. నేను మొదటిసారి ఆ గీతలు చూసినప్పుడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. పదిహేడేళ్ల ఆడ ఎలుగు అది.

పన్ను నుంచి డీఎన్‌ఏ తీయొచ్చు, కానీ తొలవాలి, ఖర్చు ఎక్కువ, పైగా పుర్రెను ఉడకబెట్టి బ్లీచ్ చేశాక తీసిన పన్నైతే ఇక ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి పన్నుని డీఎన్‌ఏ కోసం కాదు, వయసు కోసం తీయండి, పక్కన కండో చెవో విడిగా తీయండి. ఈ రెండూ కలిస్తేనే పైన చెప్పిన చుట్టరికం లెక్క కుదురుతుంది.

పన్ను వల్ల ఇంకో మేలుంది, దాన్ని ఎవరూ రాయరు. వేటగాడికి తన ఎలుగు వయసు తెలుసుకోవాలని మహా ఆసక్తి. "పన్ను ఇస్తే వయసు చెప్తాం" అన్న ఒక్క మాటతో నమూనాలు వచ్చిపడతాయి. మాట నిలబెట్టుకోండి మరి. ఒక ఏడాది వయసులు తిరిగి చెప్పకపోతే మరుసటి ఏడాది కవర్లు ఖాళీగా వస్తాయి.

మిగతావి, క్లుప్తంగా

వెంట్రుకలు: బతికున్న జంతువుల దగ్గర బంగారం, చచ్చిన జంతువు ముందున్నప్పుడు మాత్రం వాటి జోలికెందుకు? తప్పదంటే కత్తిరించకుండా కుదుళ్లతో సహా పీకండి, డీఎన్‌ఏ ఉండేది కుదురులో. ఓ ఇరవై వెంట్రుకలు, కాగితం కవర్లో.

రక్తం కార్డు మీద: రసాయనం పూసిన ప్రత్యేక కార్డు మీద చుక్క వేసి ఆరబెడితే ఏళ్ల తరబడి గది వేడిలో నిలుస్తుంది. పక్షులకు చాలా బాగుంటుంది, ఎందుకంటే వాటి ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది. క్షీరదాల ఎర్ర కణాల్లో కేంద్రకమే ఉండదు, డీఎన్‌ఏ అంతా తెల్లకణాల నుంచే రావాలి. కార్డు ధర కూడా తక్కువేం కాదు.

ఫ్రీజర్: కరెంటు నమ్మకంగా ఉండి, దారిలో కరగకుండా ల్యాబ్‌కి చేర్చగలిగితే ఇంతకన్నా మేలైంది లేదు. జీనోమ్ మొత్తం చదవాలంటే తాజా ముక్కను ద్రవ నత్రజనిలో గడ్డకట్టించడమే సరైన దారి. కానీ గడ్డకట్టడం, కరగడం, మళ్లీ గడ్డకట్టడం జరిగిందంటే ఆల్కహాల్ ముక్క కంటే అధ్వానం. పల్లెల్లో కరెంటు పోయే చోట ఫ్రీజర్‌ను నమ్ముకోవద్దు.

ఉప్పు ద్రావణం: డీఎంఎస్‌ఓ 20 శాతం, ఈడీటీఏ, ఇక కరగనంత ఉప్పు. ఉప్పు నీళ్లు లాగుతుంది, ఈడీటీఏ ఎంజైములకు కావాల్సిన మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది, డీఎంఎస్‌ఓ ఆ రెండింటినీ ముక్క లోపలికి తీసుకెళ్తుంది. ఆల్కహాల్‌లా మండే గొడవ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, వేడి ప్రదేశాలకు చాలా నమ్మకమైనది. చర్మంలోంచి కూడా లోపలికి దిగిపోతుంది కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, ఆ కారణం వల్లే దీన్ని వేటగాళ్ల చేతికి ఇవ్వడం నాకిష్టం లేదు. శిక్షణ పొందిన సిబ్బంది చేతిలో అయితే దీనికే నా రెండో ఓటు.

చెక్ స్టేషనా, పోస్టు కవరా?

నమోదు తప్పనిసరి అయిన చోట దాదాపు ప్రతి జంతువూ మీ ముందుకొస్తుంది, శిక్షణ ఉన్న చెయ్యి ముక్క తీస్తుంది. ఖర్చు మనుషుల జీతాలది. పోస్టు కవరు చవక, మారుమూల నుంచి కూడా వస్తాయి, కానీ ఇష్టపడి పంపేవాళ్లే పంపుతారు, వాళ్లు పెద్ద మగ జంతువు కొట్టినప్పుడు మరీ ఉత్సాహంగా పంపుతారు. అసలే వేటగాళ్లు ఎంచి కొడతారు, దాని మీద ఇది రెండో వడపోత. అలా వచ్చిన నమూనాలను చూసి అడవిలో మగవే ఎక్కువ అనుకుంటే లెక్క తప్పినట్టే.

ఏ దారి పట్టినా చాకు విషయం మర్చిపోకండి. ఒక సీజన్‌లో మా బల్ల మీద రద్దీ ఎక్కువై, ఒక సాయంత్రం వచ్చిన జంతువులన్నిటికీ ఒకే చాకు, మధ్యలో గుడ్డతో తుడుపు. నెలల తర్వాత ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితాల్లో ఆ రోజు ట్యూబులు కొన్ని, డీఎన్‌ఏలో ఒక్కో చోట తల్లిదొకటి తండ్రిదొకటి రెండు రూపాలు ఉండాల్సింది, మూడు, నాలుగు చూపించాయి. ఒకదాని నెత్తురు ఇంకోదాని ముక్కకు అంటింది. అన్నీ పక్కన పెట్టాల్సొచ్చింది. అప్పటినుంచి నేను ఒకసారి వాడి పారేసే పంచ్‌లే అడుగుతాను. అవి లేకపోతే చాకును నీళ్లు కలిపిన బ్లీచ్‌లో ముంచి, తర్వాత మంచి నీళ్లతో బాగా కడగాలి, బ్లీచ్ మిగిలితే అది మీ కొత్త ముక్క డీఎన్‌ఏనే తినేస్తుంది.

చీటీ సంగతి ఇంకా ముఖ్యం. పెన్సిల్‌తో గట్టి కాగితం మీద రాసి ట్యూబు లోపలే వేయండి. బాల్ పెన్ను, మార్కర్ రెండూ ఆల్కహాల్‌లో కరుగుతాయి, నా ఎలుగు అలాగే పోయింది. తేదీ, లింగం, చోటు, తీసిన మనిషి గుర్తు. చోటు దగ్గర వేటగాళ్లు బిగుసుకుంటారు, తమ రహస్య స్థలం ఎవరికి చెప్తారు? మ్యాపులో గ్రిడ్ గడి నంబరు అడగండి, అది చెప్తారు, లెక్కకు అదే చాలు.

జింకల విషయంలో ఇంకో జాగ్రత్త. మిషిగన్ అడవి జింకల్లో 2015లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు బయటపడింది. దాన్ని తెచ్చే ప్రయాన్లు, అంటే వంకరపోయిన ప్రొటీన్లు, ఆల్కహాల్‌కీ ఫార్మలిన్‌కీ లొంగవు. మెదడు, వెన్నుపాము తాకిన చాకుతో డీఎన్‌ఏ ముక్క కోయకండి, ఆ ప్రాంతపు నమూనా అని ల్యాబ్‌కి ముందే చెప్పండి.

మన దగ్గర

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేట లేదు, ఉండకూడదు కూడా. కానీ తెలంగాణలో, ఆంధ్రలో మొక్కజొన్న, వేరుశనగ చేలను అడవిపందులు ఒక్క రాత్రిలో దున్నేస్తుంటే, అధికారుల అనుమతితో షూటర్లు వచ్చి కొట్టడం, కళేబరాన్ని పాతిపెట్టడం అక్కడక్కడా జరుగుతోంది. అలా పాతిపెట్టే ప్రతి పందితో పాటు ఎంత సమాచారం మట్టిలో కలిసిపోతోందో తలచుకుంటే బాధేస్తుంది. ఇవి నిజంగా అడవివేనా, ఊరపందులతో కలిసినవా? ఈ మండలంలో కొడితే పక్క అడవి నుంచి కొత్తవి వచ్చి చేరుతున్నాయా, లేక ఒకే కుటుంబం పెరుగుతోందా? రైతుకి ఇవి నేరుగా పనికొచ్చే ప్రశ్నలు, కొట్టడం వల్ల ఉపయోగం ఉందో లేదో తేలేది ఇక్కడే. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ అనే, అంతరించిపోతున్న జాతుల కోసం పెట్టిన ల్యాబ్ ఉంది, డీఎన్‌ఏ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు మొదలుపెట్టింది, వేటగాళ్ల దగ్గర పట్టుబడిన మాంసం ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చడంలో దేశానికే పెద్ద దిక్కు. అంటే నైపుణ్యం ఊళ్లోనే ఉంది.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే అటవీ సిబ్బందికి, పశువైద్యులకు నా సలహా ఇది. ముందు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచి రాతపూర్వక అనుమతి, తర్వాత ల్యాబ్‌తో మాట్లాడి వాళ్లకి ఏది కావాలో కనుక్కోవడం, ఆ తర్వాతే ట్యూబులు కొనడం. మే నెల ఎండలో జీపు డాష్‌బోర్డు మీద పెట్టిన ఆల్కహాల్ ట్యూబు మూత సరిగ్గా లేకపోతే సాయంత్రానికి ఎండిపోతుంది, కాబట్టి రబ్బరు వాషరు ఉన్న స్క్రూ మూత ట్యూబులే తీసుకోండి, లేదా ఉప్పు ద్రావణానికి వెళ్లండి. ప్రతి పందికీ ఒక కండ ముక్క ద్రావణంలో, ఒక చెవి ముక్క ఎండబెట్టి కవర్లో. రెండూ ఒకే చోట దాచకండి. చోటుకి బీటు, సెక్షన్, రేంజ్ పేర్లు మీకు ఎలాగూ నోటికొచ్చు, ఫోన్‌లో లొకేషన్ కూడా నోట్ చేసుకోండి. గ్లవ్స్ తప్పనిసరి. 2020లో అస్సాంలో బయటపడ్డ పందుల జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు రాదు గానీ, మీ బూట్ల మీద, చాకు మీద ఊరపందుల దొడ్డికి చేరితే ఆ పెంపకందారు కుటుంబం రోడ్డున పడుతుంది. అందుకే పంది దగ్గర నుంచి వచ్చాక బూట్లు కడగకుండా ఏ దొడ్డి ముందూ బండి ఆపకండి. ట్యూబులు ల్యాబ్‌కి పంపాక, డీఎన్‌ఏ వచ్చిందని వాళ్ల నుంచి కబురు అందేదాకా ఆ ఎండు చెవి కవర్లు మీ బీరువాలోనే ఉంచండి.